రెండు క్లస్టర్లకు ఒకే ఫైల్ సిస్టమ్: యూఐడీలు ఢీకొన్నాయి, ఎవరు మార్చుకోవాలి?

నిల్వ_కాపరి

మా దగ్గర 300 నోడ్ల క్లస్టర్ (కలిసి లెక్కలు చేసే యంత్రాల గుంపు) ఉంది. దాని వెనుక 2 పెటాబైట్ల జీపీఎఫ్‌ఎస్, అంటే నోడ్లన్నీ కలిసి వాడుకునే ఐబీఎం ఫైల్ సిస్టమ్. పక్క విభాగానికి 120 నోడ్ల సొంత క్లస్టర్ ఉంది. వాళ్ల అడ్మిన్ వేరు, యూజర్ల చిట్టా వేరు, బడ్జెట్ వేరు, పై అధికారి వేరు. ఇరువైపుల వాళ్లూ కలిసి చేసే పని ఒకటి ఉండటంతో ఎనిమిది నెలల క్రితం మా ఫైల్ సిస్టమ్‌ను వాళ్ల నోడ్ల మీద కూడా మౌంట్ చేశాం (అక్కడి నుంచి కూడా తెరుచుకునేలా తగిలించాం). కీలు ఇచ్చిపుచ్చుకున్నాం, పని నడిచింది, అందరూ సంతోషించారు.

పోయిన వారం వాళ్ల విద్యార్థి ఒకరు ఉత్తరం రాశారు. "ఈ ఫోల్డర్ నా పేరు మీద కనిపిస్తోంది కానీ నాది కాదు. లోపల ఎవరివో కొలతలు ఉన్నాయి. చూడగానే మూసేశాను" అని. వెళ్లి చూస్తే మా వైపు 20417 అనే యూఐడీ (యూజర్‌ను సిస్టమ్ గుర్తుపట్టే అంకె) ఒక పరిశోధకురాలిది, వాళ్ల వైపు అదే అంకె ఆ విద్యార్థిది. అవి ఆమె ఇంకా ప్రచురించని కొలతలు. ఇరువైపులా 20000 నుంచి వరసగా అంకెలు ఇచ్చుకుంటూ వచ్చాం కాబట్టి ఇలాంటి జంటలు 212 తేలాయి.

అంకెలు మీరు మార్చుకోండి అని మేము, మీరే మార్చుకోండి అని వాళ్లు. నాకు వాళ్ల మీద అధికారం లేదు, వాళ్లకు నా మీద లేదు. ఇది చాలదన్నట్టు, వాళ్ల నోడ్లు రీబూట్ అయినప్పుడు మా జాబ్‌లు (క్లస్టర్ మీద నడిచే పనులు) అరనిమిషం, ఒక్కోసారి నిమిషం పైన బిగుసుకుపోతున్నాయి.

రెండు చిట్టాలనూ కలిపేయండి అన్న సలహా మాత్రం వద్దు. ఆ ప్రతిపాదన రెండేళ్లుగా బల్లల మీద తిరుగుతోంది. మిగతా ఏదైనా చెప్పండి.

రెండో_షిఫ్టు

యూఐడీ మార్పిడి ఏదైనా పెట్టారా, లేక అంకెలు ఉన్నవి ఉన్నట్టే వెళ్తున్నాయా? ఎంఎంఆథ్ షో (ఎవరికి ఏ అనుమతి ఇచ్చామో చూపే జీపీఎఫ్‌ఎస్ ఆదేశం) కొట్టి, రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) దగ్గర ఏం చూపిస్తోందో చెప్పండి.

నిల్వ_కాపరి

మార్పిడి ఏమీ లేదు. రూట్‌కు కూడా లేదు. మనం అడిగి పెట్టించుకుంటే తప్ప అది ఉండదని ఇప్పుడే చదివాను.

తాళంచెవి

అయితే ఆ 212 జంటల సంగతి తర్వాత చూడవచ్చు. వాళ్ల 120 నోడ్లలో ఏ ఒక్కదాని మీద రూట్ అయినవారైనా ఈ క్షణాన మీ 2 పెటాబైట్ల మీద కూడా రూటే. అక్కడ ఎంతమందికి రూట్ పాస్‌వర్డ్ తెలుసో మీకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా మీకు లేదు. ఈ రాత్రే రూట్ స్క్వాష్, అంటే అవతలి రూట్‌ను మామూలు యూజర్‌గా కుదించే అమరిక, పెట్టండి. ఎంఎంఆథ్ గ్రాంట్‌లోనే, అవతలి రూట్‌ను ఫలానా యూఐడీగా, ఫలానా జీఐడీగా (గుంపు అంకెగా) లెక్కించమని చెప్పే వీలుంది.

అది పెట్టేసి నిశ్చింతగా కూర్చోవద్దు. అక్కడ రూట్ అయిన మనిషి వేరే యూజర్‌గా మారే ఒక్క ఎస్‌యూ ఆదేశంతో 20417 అయిపోతారు. అప్పుడు మీ వైపు వచ్చేది రూట్ కాదు, 20417. స్క్వాష్‌కు అందులో అనుమానించడానికి ఏమీ కనిపించదు. అంకెను నమ్మే ప్రతి పద్ధతీ అవతలి రూట్‌ను నమ్మినట్టే. నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్‌ది కూడా ఇదే కథ.

కొత్త_కేబుల్

ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌లో అంకెలు కాకుండా పేర్లే వెళ్తాయి కదా? ఎక్స్‌పోర్ట్‌ను దానికి మారిస్తే ఈ గొడవ పోదా?

తాళంచెవి

పోదు. ఈ అపోహ వల్ల దెబ్బతిన్న చోట్లు నేనే రెండు చూశాను. నాలుగో వెర్షన్‌లో ఫైలు యజమాని పేరు "యూజర్ ఎట్ డొమైన్" రూపంలో వెళ్తుంది, నిజమే. కాబట్టి ఎల్‌ఎస్ (ఫైళ్ల జాబితా చూపే ఆదేశం) కొడితే పేర్లు ముచ్చటగా సరిపోతాయి. కానీ అడుగుతున్నది ఎవరన్నది తేల్చేది కింద ఉన్న ఆర్‌పీసీ పొర (అభ్యర్థనలను మోసేది). అక్కడ ఆథ్‌సిస్ (క్లయింట్ చెప్పిన అంకెను నమ్మే పద్ధతి) వాడుతున్నంత కాలం వచ్చేది అంకే. తెర మీద ఒక పేరు, అనుమతి ఇంకొకరికి. పైకి సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఇదే ఎక్కువ ప్రమాదం. పేరును పేరుగా నిరూపించాలంటే కెర్బరోస్, అంటే గుర్తింపును టికెట్‌తో నిరూపించే పద్ధతి, ఉండాలి.

పాత_చేయి

ఈ సమస్యను సరిగ్గా దీని కోసమే కూర్చుని ఆలోచించిన ఫైల్ సిస్టమ్ ఏఎఫ్‌ఎస్. 1980లలో కార్నెగీ మెలన్‌లో, ఐబీఎం తోడ్పాటుతో పుట్టింది. 2000లో ఐబీఎం దాని కోడ్‌ను బయటపెట్టడంతో ఓపెన్‌ఏఎఫ్‌ఎస్ వచ్చింది. అందులో ఒక్కో సంస్థ ఒక్కో "సెల్". ఏఎఫ్‌ఎస్ అనే ఒకే వేరు కింద సెల్ పేరు, దాని కింద ఆ సంస్థ ఫైళ్లు. ఏ సెల్ అడ్మిన్ ఆ సెల్‌కే రాజు. పక్క సెల్ నుంచి వచ్చేవారు టికెట్ చూపించాలి. మీ యంత్రంలో మీ యూఐడీ ఎంతన్నది సర్వర్‌కు అక్కర్లేదు. యంత్రంలో రూట్ అయినంత మాత్రాన ఫైళ్ల మీద ఏ హక్కూ రాదు.

నేను 11 ఏళ్లు నడిపాను. పక్క సంస్థ అడ్మిన్‌తో ఒక్కసారి కూడా అంకెల గురించి మాట్లాడుకోవలసిన అవసరం రాలేదు.

పరుగు_లెక్క

పాత_చేయి గారు, ఇళ్ల ఫోల్డర్లకు అది బాగుంటుంది, ఒప్పుకుంటాను. వెయ్యి ప్రాసెస్‌లు ఒకే ఫైల్లోకి ఒకేసారి రాసే జాబ్‌ను దాని మీద నడపగలరా? ఫైలును క్లయింట్ దగ్గర దాచుకుని, మూసినప్పుడు వెనక్కి పంపే పద్ధతి అది.

టికెట్ గడువు ఇంకో తలనొప్పి. మా దగ్గర టికెట్‌కు పది గంటలు పెట్టారు. ఒక కుర్రాడి జాబ్, మూడు రోజులు నడవాల్సింది, పదకొండో గంటలో "అనుమతి లేదు" అని పడిపోయింది. పది గంటలు సజావుగా రాసింది కాబట్టి తప్పు తన కోడ్‌లోనే ఉందనుకుని ఆ కుర్రాడు రెండు వారాలు వెతికాడు.

పాత_చేయి

గడువుకు మందు ఉంది. టికెట్‌ను జాబ్ వెంట తీసుకువెళ్లి మధ్యమధ్యలో పొడిగించే ఏర్పాట్లు ఉన్నాయి. జాబ్‌లను నడిపించే స్లర్మ్‌కు ఆక్స్ అనే ప్లగిన్ ఆ పని కోసమే ఉంది. సమాంతరంగా రాయడం గురించి మీరన్నది సరే, అక్కడ నాకు జవాబు లేదు.

లస్టర్_సేవకుడు

లస్టర్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌లో 2.9 వెర్షన్ నుంచి నోడ్‌మ్యాప్ వచ్చింది. ఫలానా నెట్‌వర్క్ చిరునామాల నుంచి వచ్చే క్లయింట్లన్నీ ఒక గుంపు. ఆ గుంపుకు "అటు 20417 అంటే ఇటు 81003" అని జతలు రాసిపెడతారు. జాబితాలో లేని అంకె వస్తే అది ఊరూపేరూ లేని యూజర్ అయిపోతుంది. రూట్‌కు వేరే గుర్తు ఉంటుంది. ఆ గుంపుకు ఒక ఉప డైరెక్టరీ మాత్రమే కనిపించేలా కూడా కట్టేయవచ్చు. మార్పిడి జరిగేది సర్వర్‌లో. క్లయింట్ ఎంత అబద్ధం చెప్పినా, మీరు రాసిన జాబితా దాటి పోలేదు.

ఒక జాగ్రత్త. మొత్తం నోడ్‌మ్యాప్‌ను క్రియాశీలం చేసే మీట ఒకటుంది. సొంత నోడ్లను, సర్వర్లను నమ్మకమైన గుంపులో చేర్చకముందే మేము అది నొక్కాం. ఏ గుంపులోనూ లేనివాళ్లంతా డిఫాల్ట్ గుంపులో పడ్డారు. డిఫాల్ట్ ఎవరినీ నమ్మదు. పన్నెండు నిమిషాల పాటు మా క్లస్టర్‌లో రూట్‌తో సహా అందరూ అనామకులే. లాగిన్ నోడ్‌లో ఎల్‌ఎస్ కొడితే ప్రతి వరుసలోనూ "నోబడీ, నోబడీ, నోబడీ". నా కళ్ల ముందు ఇంకా కదులుతూనే ఉంది.

నిల్వ_కాపరి

వినడానికి బాగుంది కానీ 2 పెటాబైట్లను ఇంకో ఫైల్ సిస్టమ్‌కు మార్చే స్థితిలో లేను. జీపీఎఫ్‌ఎస్‌లోనే ఏం చేయవచ్చో చెప్పండి.

(తాళంచెవి గారు, రూట్ స్క్వాష్ నిన్న రాత్రి 11 గంటలకు పెట్టేశాను. వాళ్ల అడ్మిన్‌కు ముందే ఫోన్ చేసి చెప్పాను. ఆయన అభ్యంతరం చెప్పలేదు, "ఇది మొదట్లోనే ఉండాల్సింది" అన్నారు.)

చదువరి_నోడ్

ఆ ఉత్తరం రాసిన విద్యార్థి ఏమయ్యారు? దీని గురించి ఎవరూ అడగలేదు.

నిల్వ_కాపరి

మొదటి రోజే వాళ్ల వైపు ఖాతా ఆపేశారు, విచారణ పేరుతో. అది నాకు ఈ ఉదయం తెలిసింది. తప్పు మా ఇద్దరి అమరికలో ఉంది, ఆ పిల్లవాడిలో లేదు అని వాళ్ల అడ్మిన్‌కు, ఆ పైవారికి రాతపూర్వకంగా పంపాను. మధ్యాహ్నానికి ఖాతా తెరిచారు. ఆ ఫోల్డర్ ఎవరిదో ఆ పరిశోధకురాలు కూడా అతనికి కృతజ్ఞతలు రాశారు.

చదువరి_నోడ్

మంచి పని చేశారు. చెప్పినవారిని శిక్షిస్తే తర్వాతి వ్యక్తి ఎవరూ చెప్పరు.

రెండో_షిఫ్టు

జీపీఎఫ్‌ఎస్ సంగతి. దానిలోనూ మార్పిడి ఉంది, అయితే సగం పని మనమే చేయాలి. రెండు చిన్న స్క్రిప్టులు రాయాలి. ఒకటి అంకెను పేరుగా మారుస్తుంది, అది ఫైలు తెరుస్తున్న వైపు నడుస్తుంది. రెండోది పేరును అంకెగా మారుస్తుంది, అది ఫైల్ సిస్టమ్ యజమాని వైపు నడుస్తుంది. మధ్యలో ప్రయాణించే పేరు ఇరువైపులా ఒక్కటే అయ్యేలా ఇద్దరూ ఒప్పుకోవాలి. ఈ మెయిల్ చిరునామా లాంటిదైతే సరిపోతుంది. యూఐడీ డొమైన్ పేరు రెండు క్లస్టర్లలో వేర్వేరుగా ఉండాలి, మార్పిడి ఐచ్ఛికం ఆన్‌లో ఉండాలి.

స్క్రిప్టు నేరుగా ఎల్‌డాప్‌ను (యూజర్ల చిట్టా ఉండే సర్వర్‌ను) అడిగేలా రాయకండి. మేము అలాగే రాశాం. ఒక సోమవారం ఎల్‌డాప్ సర్వర్ నెమ్మదించింది, స్క్రిప్టుకు ఖాళీ జవాబు వచ్చింది, ఖాళీ అంటే "తెలియని మనిషి" అని స్క్రిప్టు అర్థం చేసుకుంది. ఉదయం లాగిన్ అయినవారంతా తమ ఫైళ్లకే పరాయివాళ్లు అయ్యారు. ఇప్పుడు గంటకోసారి చదునైన టెక్స్ట్ ఫైలు తయారుచేస్తాం. స్క్రిప్టు దాన్నే చదువుతుంది. కొత్త ఫైల్లో వరసలు నిన్నటికంటే పదో వంతు తగ్గితే పాతదే ఉంచుతుంది.

వరస_సంఖ్య

మార్పిడి అంటే జీవితాంతం మోయాల్సిన బరువు. అంకెల బ్లాకులు పంచుకోండి, ఒకసారి బాధపడి ఒడ్డున పడతారు. మీకు 100000 నుంచి, వాళ్లకు 200000 నుంచి. పాత అంకెకు ఒక స్థిర సంఖ్య కలిపితే చాలు, కొత్త బ్లాకు ఖాళీగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఇంకెవరితోనూ ఢీకొనదు.

పరుగు_లెక్క

212 జంటలకు ఒకేసారి విడాకులు ఇప్పించడమన్నమాట!

ఎంతమంది ఫైళ్లు, ఎన్ని? అది తెలియకుండా "ఒకసారి బాధ" అనలేం.

నిల్వ_కాపరి

మా వైపు దాదాపు 40 కోట్ల ఫైళ్లు. వాళ్ల సొంత నిల్వలో 3 కోట్లకు మించి ఉండవు.

ఏసీఎల్_గాయం

మేము అంకెలు మార్చాం. రెండు వారాంతాలు పట్టింది. జరిగినవి చెబుతాను, మార్చేవారికి పనికొస్తాయి.

ఫైండ్ ఆదేశంతో వెతుకుతూ యజమానిని మార్చడం మొదలుపెట్టాం. ఆరు గంటల తర్వాత లెక్కేస్తే నెల పడుతుందని తేలింది. అక్కడ ఆపి, జీపీఎఫ్‌ఎస్ పాలసీ ఇంజిన్‌తో జాబితా తీశాం. అది ఫైండ్‌లా ఒక్కో ఫైలునూ విడిగా అడగకుండా, ఇనోడ్‌లను (ఫైళ్ల వివరాల నమోదులను) సమాంతరంగా స్కాన్ చేస్తుంది. యజమాని మారగానే ఎక్జిక్యూటబుల్ ఫైళ్ల మీద సెట్‌యూఐడీ గుర్తులు (యజమాని హక్కులతో నడవనిచ్చేవి) రాలిపోయాయి. సింబాలిక్ లింకుల దగ్గర లింకు బదులు అది చూపించే ఫైలు మారింది, ఆ ఐచ్ఛికం పెట్టడం మర్చిపోయాం. ప్రతి ఫైలుకూ సీటైమ్ (వివరాలు చివరిసారి మారిన సమయం) మారింది. మా బ్యాకప్ ఆ గుర్తు చూసుకునే నడుస్తుంది, కాబట్టి సోమవారం రాత్రి మొత్తం నిల్వను కొత్తది అనుకుని టేపుల మీద రాయడం మొదలుపెట్టింది.

అన్నిటికంటే లోతుగా తగిలింది ఏసీఎల్, అంటే ఫైలు మీద ఎవరెవరికి ఏ అనుమతి ఉందో రాసే జాబితా. ఫైలు యజమానిగా కాకుండా ఏసీఎల్ లోపల ఒక వరుసగా దాక్కున్న పాత అంకెలు ఉంటాయి. యజమానిని బట్టి వెతికితే అవి దొరకవు. నాలుగు నెలల తర్వాత, ఖాళీ అయిన పాత అంకెను కొత్తగా చేరిన ఒకరికి ఇచ్చాం. ఆమెకు ఎవరో ఇవ్వని అనుమతులు 600 ఫోల్డర్ల మీద వచ్చాయి.

కాబట్టి మార్చాల్సి వస్తే తక్కువ ఫైళ్లున్న వైపు మార్చాలి. ఇది పంతం సంగతి కాదు, లెక్క సంగతి. ఖాళీ అయిన అంకెను మళ్లీ ఎప్పటికీ ఎవరికీ ఇవ్వకండి.

వరస_సంఖ్య

ఏసీఎల్ సంగతి నాకు తట్టలేదు. నా సలహాను సవరించుకుంటున్నాను: కొత్తగా చేరేవారికి వేర్వేరు బ్లాకులు, పాతవారికి మార్పిడి.

దూరభారం

అందరూ మౌంట్ ఉండాల్సిందే అన్నట్టు మాట్లాడుతున్నారు. అవతలివారికి కావలసింది మౌంటా, ఫైళ్లా?

మాకు 40 మిల్లీసెకన్ల దూరంలో ఒక క్లస్టర్ ఉంది. 10,000 ఫైళ్లున్న డైరెక్టరీలో వివరాలతో ఎల్‌ఎస్ కొడితే, ఒక్కో ఫైలుకు ఒక రాకపోకే అనుకున్నా 400 సెకన్లు. లింకు 10 గిగాబిట్లది, ఆ ఆరున్నర నిమిషాల పైచిలుకూ ఖాళీగా కూర్చుంటుంది. పెద్ద ఫైలు పంపాలన్నా ఆ దూరానికి దారిలో ఎప్పుడూ 50 మెగాబైట్లు ఉంటేనే లింకు నిండుతుంది. మౌంట్ తీసేసి, ఫైళ్లు చేరవేసే గ్లోబస్ సేవతో పంపడం మొదలుపెట్టాక ఇరువైపులా ఫిర్యాదులు ఆగాయి. సాఫ్ట్‌వేర్ పంచుకోవడానికైతే సీవీఎంఎఫ్‌ఎస్ ఉండనే ఉంది. సెర్న్ ప్రయోగాల కోసం తయారైంది, చదవడానికి మాత్రమే వీలు, హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది. రాయడమే లేదు కాబట్టి ఎవరి రూట్‌నూ నమ్మే పని లేదు.

పరుగు_లెక్క

కాపీ చేస్తే రెండు ప్రతులు పుడతాయి. మా దగ్గర ఒకరు ఇటువైపు ప్రతిలో దిద్దారు, ఇంకొకరు అటువైపు ప్రతిలో దిద్దారు, మూడో వ్యక్తి ఆర్‌సింక్‌ను (రెండో ప్రతిని మొదటిదానిలా చేసే ఆదేశాన్ని) తొలగింపు ఐచ్ఛికంతో నడిపారు. ఒక నెల దిద్దుబాట్లు పోయాయి. ఒకే ప్రతి అన్న సుఖం కోసమే కదా అందరం ఈ తిప్పలు పడుతున్నది.

దూరభారం

అందుకే ఏ ప్రతి అసలుదో ముందే తేల్చుకోవాలి, రెండో వైపు చదవడానికి మాత్రమే ఉంచాలి. నిల్వ_కాపరి గారి విభాగాలు ఒకే ప్రాంగణంలో ఉంటే నా దూరం లెక్క వర్తించదు, అది ఒప్పుకుంటాను.

నిల్వ_కాపరి

ఒకే ప్రాంగణం, మిల్లీసెకను లోపే. కాబట్టి మౌంట్ ఉంటుంది.

పదిహేడో_గుంపు

మధ్యలో ఎన్‌ఎఫ్‌ఎస్ గేట్‌వే పెట్టడం ఆలోచించారా? వాళ్ల 120 నోడ్లూ మీ టోకెన్ల (ఫైలు తాళాల) వలలో నేరుగా ఉండవు, మీ గేట్‌వే ఒక్కటే ఉంటుంది. వాళ్ల నోడ్ పడితే మీ జాబ్‌కు చీమ కుట్టినట్టైనా ఉండదు.

పెడితే ఒకటి గుర్తుంచుకోండి: ఆథ్‌సిస్ సందేశంలో 16 గుంపులకే చోటు. మా దగ్గర ఒకరు 17 గుంపుల్లో ఉన్నారు. అన్ని ఫోల్డర్లూ తెరుచుకునేవి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి ఏదన్నది గుంపుల వరసను బట్టి మారుతుండేది. గుంపులను సర్వర్ వైపే వెతుక్కునే ఐచ్ఛికం ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ప్రోగ్రామ్ మౌంట్‌డీలో ఉంది. అది పెట్టాక కుదిరింది.

పరుగు_లెక్క

120 నోడ్ల రాతలు ఒక్క గేట్‌వే గుండా వెళ్తే అది గొంతు నులమడమే. కనీసం నాలుగు కావాలి.

గంట_కొట్టు

బిగుసుకుపోవడం గురించి. జీపీఎఫ్‌ఎస్‌లో ప్రతి నోడ్‌కూ ఒక లీజు ఉంటుంది, దాన్ని పొడిగించుకుంటూ ఉండాలి. నోడ్ చెప్పకుండా మాయమైతే లీజు గడువు తీరేదాకా మిగతావారు ఆగాలి, ఎందుకంటే అది రాసిన రాతలు ఇంకా దారిలో ఉండవచ్చు. ఆ తర్వాతే దాని తాళాలు విడిపించి, లాగ్ చదివి, సరిచేసి ముందుకు వెళ్తుంది. మీరు చూసే అరనిమిషం అదే. రీబూట్‌కు ముందు ఎంఎంషట్‌డౌన్ (జీపీఎఫ్‌ఎస్‌ను ఆపే ఆదేశం) నడిపితే నోడ్ తనంతట తాను సెలవు చెప్పి వెళ్తుంది, ఎవరూ ఎదురుచూడరు. వాళ్ల రీబూట్ స్క్రిప్టులో ఆ ఒక్క వరుస చేర్చమనండి.

అలాగే ఇరువైపులా ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) ఒకటేనా? మా దగ్గర ఇటు 9000, అటు ఒక స్విచ్ మీద 1500. మౌంట్ అయ్యేది, చిన్న డైరెక్టరీ కనిపించేది, పెద్ద డైరెక్టరీ దగ్గర ఎల్‌ఎస్ అలాగే నిలబడిపోయేది. పింగ్ బాగానే వచ్చేది, ఎందుకంటే పింగ్ చిన్న ప్యాకెట్. ముక్కలు చేయవద్దని చెప్పి 8972 బైట్లతో పింగ్ కొట్టి చూడండి, నిజం బయటపడుతుంది.

నిల్వ_కాపరి

8972 వెళ్లింది. ఎమ్‌టీయూలో తేడా లేదు. ఎంఎంషట్‌డౌన్ వరుస వాళ్ల అడ్మిన్‌కు పంపాను, వెంటనే చేర్చారు. నిన్న ఆరు నోడ్లు రీబూట్ చేసి చూపించారు, మా వైపు ఏ కదలికా లేదు.

కానీ ఈ తెల్లవారుజామున మళ్లీ బిగుసుకుంది. ఈసారి రీబూట్ ఏదీ లేదు.

గంట_కొట్టు

ఏ సమయానికి? పాతవాటి సమయాలు కూడా వరసగా రాసి చూడండి.

నిల్వ_కాపరి

గత 30 రోజులవి లాగ్‌లో తీశాను. మూడు రీబూట్లతో కలిశాయి. మిగతా 26 కూడా 4 గంటల 2 నిమిషాలకు, లేదా ఆ తర్వాత పది నిమిషాల లోపే. ఇన్నాళ్లూ అన్నీ రీబూట్ల ఖాతాలోనే వేశాను.

చీమలబారు

అప్‌డేట్‌డీబీ. లొకేట్ ఆదేశం కోసం రోజూ డిస్కులన్నీ తిరిగి ఫైళ్ల పేర్లు రాసుకునే పని. దాని అమరికలో "ఈ రకం ఫైల్ సిస్టమ్‌లలోకి వెళ్లకు" అనే జాబితా ఉంటుంది. వాళ్ల నోడ్లలో ఆ జాబితా చూడమనండి. 120 నోడ్లు, ఒకే నిమిషంలో, ఒక్కోటీ మీ 40 కోట్ల ఫైళ్ల గడప తొక్కుతుంటాయని నా అనుమానం.

నిల్వ_కాపరి

అదే! జాబితాలో ఎన్‌ఎఫ్‌ఎస్ ఉంది, ఏఎఫ్‌ఎస్ ఉంది, జీపీఎఫ్‌ఎస్ లేదు. వాళ్ల అడ్మిన్ ఫోన్‌లోనే తెర మీద చదివి వినిపించారు. నోడ్లన్నిటికీ ఎక్కించే సిస్టమ్ ఇమేజ్‌ను రెండు నెలల క్రితం కొత్తగా కట్టారట, అప్పటి నుంచీ ఉంది. అసలు కంప్యూట్ నోడ్ల మీద లొకేట్ ఎందుకని ఆ ప్యాకేజీనే తీసేశారు.

చీమలబారు

తాత్కాలిక ఫైళ్లు ఊడ్చే పనిని కూడా చూసుకోండి. మా దగ్గర పక్క క్లస్టర్‌లో "స్క్రాచ్" అనే దారి వాళ్ల సొంత డిస్కుది. మేము మా ఫైల్ సిస్టమ్‌ను పంచుకున్నప్పుడు అదే పేరుతో మౌంట్ చేయించాం. 30 రోజులు తాకని ఫైళ్లను తీసేసే వాళ్ల స్క్రిప్టు ఆ రాత్రి మా ఫైళ్లను ఊడ్చింది. దానికి ఎవరి డిస్కు అన్నది తెలియదు, దారి పేరే తెలుసు. స్నాప్‌షాట్ (అంతకుముందు తీసి ఉంచిన నకలు) ఉండబట్టి చాలావరకు దక్కాయి. అప్పటి నుంచి పంచుకునే ప్రతి మౌంట్ దారిలోనూ యజమాని సంస్థ పేరు ఉండి తీరాలని పెట్టుకున్నాం.

తాళంచెవి

మళ్లీ అంకెల దగ్గరికి వద్దాం. ఒక ప్రశ్న ఇంతవరకు ఎవరూ వేయలేదు. ఆ ఉమ్మడి పనిలో అటువైపు నుంచి నిజంగా ఎంతమంది ఉన్నారు?

నిల్వ_కాపరి

38.

తాళంచెవి

అంటే మీరు తెరవాల్సింది 38 మందికి. వాళ్ల చిట్టాలో ఉన్నవారందరికీ తెరిచారు. 212 జంటలను సరిదిద్దే పనే లేదు. పేరును అంకెగా మార్చే స్క్రిప్టు మీ వైపు నడిచేది కాబట్టి, అందులో 38 పేర్లే ఉంచండి. మిగతావారెవరు వచ్చినా అనామకులే. చేర్చడం, తీసేయడం మీ చేతిలో ఉంటుంది, అవతలివారి చిట్టాలో ఒక్క అంకె కూడా మారనక్కర్లేదు.

దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. జీపీఎఫ్‌ఎస్‌లో అనుమతి తనిఖీ జరిగేది ఫైలు తెరిచిన నోడ్‌లోనే. లస్టర్‌లో లాగా సర్వర్ కాపలా కాయదు. కాబట్టి ఈ మార్పిడి పొరపాటును ఆపుతుంది, పట్టుబట్టి చెడు చేయదలచిన రూట్‌ను ఆపలేదు. ప్రచురించని కొలతల్లాంటివి ఆ ఫైల్ సిస్టమ్‌లో ఉండకూడదు. వాళ్లకు గ్రాంట్ చేయని వేరే ఫైల్ సిస్టమ్‌లోకి వెళ్లాలి.

రెండో_షిఫ్టు

దీనికి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. కీల మార్పిడికి కూడా ఇప్పుడే ఒక తేదీ పెట్టుకోండి. కొత్త కీ పుట్టించాక దాన్ని ఖరారు చేసేదాకా పాతది కూడా చెల్లుతుంది. ఆ మధ్యకాలంలోనే అవతలివారు కొత్తదాన్ని ఎక్కించుకోవాలి. ఫోన్ ఎత్తేవారు లేని రోజున ఖరారు కొట్టారంటే మౌంట్ పోతుంది.

నిల్వ_కాపరి

ఇవాళ వాళ్ల అడ్మిన్, నేను ఒకే బల్ల దగ్గర నాలుగు గంటలు కూర్చున్నాం. ఎనిమిది నెలల్లో ఎదురెదురుగా కూర్చోవడం ఇదే మొదటిసారి.

స్క్రిప్టులు రెండూ రాశాం. 38 పేర్లు మా వైపు టెక్స్ట్ ఫైల్లో ఉన్నాయి. అందులో ఇద్దరు పోయిన ఏడాదే వెళ్లిపోయారని వాళ్లు చెప్పారు, కాబట్టి 36. ఆ విద్యార్థి లాగిన్‌తోనే, అతని ఒప్పుకోలుతో, పాత ఫోల్డర్ తెరిచి చూశాం. యజమాని దగ్గర అతని పేరు లేదు, తెరుచుకోలేదు. ఉమ్మడి ఫోల్డర్ తెరుచుకుంది. పరిశోధకురాలి కొలతలు, అలాంటివి ఇంకా 14 ప్రాజెక్టులవి, వేరే ఫైల్ సిస్టమ్‌కు కదులుతున్నాయి. శుక్రవారానికి అయిపోవాలి.

కొత్తగా చేరేవారికి వాళ్లు 200000 నుంచి అంకెలు ఇస్తారు. మౌంట్ దారి పేరు మార్చాం. ఎవరు ఎవరికి ఏ గంటలో ఫోన్ చేయవచ్చో, ఎవరు లేకపోతే ఎవరో ఒక పేజీలో రాసి ఇద్దరం సంతకం చేశాం. పైవారికి ప్రతి పంపాం, అనుమతి అడగలేదు.

ఈ ఉదయం 4 గంటలకు లేచి లాగ్ చూశాను. 4:02కు ఏమీ లేదు. 4:15 దాకా కూర్చున్నాను.

ఏసీఎల్_గాయం

ఈ ఎనిమిది నెలల్లో వాళ్ల యూజర్లు మీ వైపు ఏసీఎల్‌లు పెట్టి ఉంటారు. వాటిలో వాళ్ల అంకెలు ఉంటాయి, మీ వైపు ఆ అంకె ఇంకొకరిది.

నిల్వ_కాపరి

ఉమ్మడి ఫోల్డర్‌లో వెతికాను, 91 దొరికాయి. వాటిని ఎవరి కోసం పెట్టారో వాళ్ల అడ్మిన్‌కే తెలుసు కాబట్టి జాబితా పంపాను. బుధవారం రాత్రి ఇద్దరం కలిసి ఒక్కొక్కటే తీస్తాం. మీ పాలసీ ఇంజిన్ జాబితా ఆదేశం ఇక్కడ పెట్టగలరా? మిగతా 40 కోట్ల మీద కూడా నడపాలి.

ఏసీఎల్_గాయం

రేపు ఉదయం పెడతాను. నడిపే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి.